గురువుగారికి మార్కులు

పోయిన నెల మా వూళ్ళో ఒక సంఘం వాళ్ళు నా దగ్గరికొచ్చి, ఒక కాగితాల కట్ట చేతిలో పెట్టి, "అమ్మా, మీరు న్యాయనిర్ణేతగా వుండాలి" అన్నారు. కథల పోటీ అనుకున్నాను. ఇంతకాలం కథల పోటీలకూ, ముగ్గుల పోటీలకూ, ఒకసారి ఆవకాయ పోటీకీ న్యాయం నిర్ణయించినదాన్నే. తీరా కట్ట విప్పితే అది ఆటలు నేర్పే మాస్టర్ల వ్యవహారం! ఆగస్టు 29న, ధ్యాన్‌చంద్ పుట్టినరోజున, ఈ చుట్టుపక్కల బళ్ళల్లో పనిచేసే వ్యాయామ ఉపాధ్యాయుల్లో ఉత్తముడైనవారికి శాలువా కప్పుతారట. ముగ్గురు నిర్ణేతల్లో ఒకరు రిటైరైన హెడ్మాస్టరుగారు, ఒకరు ఎముకల డాక్టరుగారు, మూడోదాన్ని నేను.

"నాకు ఆటల గురించి ఏం తెలుసు నాయనా?" అంటే, "మనుషుల గురించి తెలుసు కదమ్మా" అన్నాడు ఆ వచ్చినబ్బాయి. నవలలు రాసేవాళ్ళని పడగొట్టడానికి అంతకంటే మంచి మాట లేదు. పడిపోయాను.

మేముండేది ఖమ్మానికీ భద్రాచలానికీ మధ్య దారిలో. బస్సు పాల్వంచ దాటాక కిటికీలోంచి వచ్చే గాలి మారిపోతుంది చూశారూ, అడవి మొదలైందని చెప్పే గాలి, అదీ మా గాలి. ఎండాకాలం వస్తే ఇప్పపువ్వు వాసన, తునికాకు కట్టలు. వానాకాలం వస్తే గోదావరి ఎన్ని అడుగులకొచ్చిందన్న లెక్క. ఈ రెండింటి మధ్య బతికేవాళ్ళకి కోచ్‌ల గొడవ కొత్తే.

కాగితాలు చదవగా చదవగా చివరికి రెండు పేర్లు మిగిలాయి. ఒకాయన పట్నంలో పెద్ద బడిలో మాస్టరు. ఆయన ఫోటోలో వెనక గోడంతా కప్పులే. రెండో ఆవిడ గోదావరి అవతల, ఏజెన్సీలో ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో పనిచేస్తుంది. ఆవిడ ఫోటోలో వెనక వున్నది వేపచెట్టు. కప్పులున్న చోట ఒక్కటంటే ఒక్కటి, అదీ మండల స్థాయిది.

ఇందులో ఆలోచించడానికేముంది అన్నారు మా వారు, పేపరు వెనకనుంచి. నిజమే, ఏమీ లేకపోను. కానీ ఆ రాత్రే డల్లాస్ నుంచి మా చెల్లెలి కొడుకు ఫోన్ చేశాడు. వాడు బాస్కెట్‌బాల్ పిచ్చివాడు. నా గోడు విని పడీపడీ నవ్వాడు. "పెద్దమ్మా, నువ్వు తేనెపట్టులో చెయ్యి పెట్టావు. ఇక్కడ ఉత్తమ కోచ్ ఎవరన్న దాని మీద స్నేహితులు మాట్లాడుకోవడం మానేస్తారు తెలుసా?" అన్నాడు.

"ఎందుకురా, ఎవరు ఎక్కువ గెలిస్తే వాళ్ళే కదా?" అన్నాను.

"అయితే ఫిల్ జాక్సన్. 11 కప్పులు. అయిపోయింది, ఫోన్ పెట్టెయ్" అన్నాడు.

నేను పెట్టలేదు. వాడూ పెట్టలేదు. గంటసేపు చెప్పాడు. తర్వాత ఓ వారం పాటు నేనూ ఆ పుస్తకాలూ ఈ పుస్తకాలూ తిరగేశాను. కాలేజీలో హిస్టరీ చదివిన దురలవాటు, ఏదైనా మొదటినుంచీ తవ్వితేగాని తృప్తి వుండదు.

మొదలంటే 1891. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం, స్ప్రింగ్‌ఫీల్డ్ అనే వూరు. చలికాలం. బయట మంచు. లోపల కుదురులేని కుర్రాళ్ళు. వాళ్ళని కదలకుండా కూచోబెట్టలేక, బయటికి వదల్లేక, జేమ్స్ నైస్మిత్ అనే ఉపాధ్యాయుడు రెండు పీచ్‌పళ్ళ బుట్టలు తెప్పించి గోడలకి ఎత్తుగా కొట్టించాడు. 13 నియమాలు రాశాడు. సెలవుల్లో పిల్లలు ఇంట్లో వుంటే మనం చేసే పనే గదా ఇది! ఆ బుట్టలకి అడుగు కూడా వుండేది. బంతి పడినప్పుడల్లా ఎవరో నిచ్చెనెక్కి తీసేవారట. బుట్టకి అడుగు కోసెయ్యాలన్న ఆలోచన రావడానికి కొంతకాలం పట్టింది. మగవాళ్ళ వంట లాగే.

ఈ నైస్మిత్ తర్వాత కాన్సస్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి అక్కడ 1898 నుంచి 1907 దాకా జట్టుకి కోచ్‌గా వున్నాడు. 55 ఆటలు గెలిచాడు, 60 ఓడాడు. ఆ విశ్వవిద్యాలయం చరిత్రలో గెలుపులకంటే ఓటములెక్కువ వున్న కోచ్ ఇప్పటికీ ఆయనొక్కడే! ఆటని పుట్టించినవాడు మార్కుల్లో తప్పాడన్నమాట. ఆయన శిష్యుడు ఫాగ్ ఆలెన్ ఆ పీఠమెక్కి, అదే చోట 590 ఆటలు గెలిచి, బాస్కెట్‌బాల్ శిక్షణకి పితామహుడనిపించుకున్నాడు. ఆలెన్ శిష్యుడు డీన్ స్మిత్. డీన్ స్మిత్ దగ్గర కాలేజీలో ఆడినవాడు మైకేల్ జోర్డాన్. ఆ జోర్డాన్ షికాగో బుల్స్‌లో ఆడుతుండగానే ఫిల్ జాక్సన్‌కి 11 కప్పుల్లో 6 వచ్చాయి. మరి ఆ 6 ఎవరి ఖాతాలో వెయ్యాలి? మా వాడినడిగితే, "పెద్దమ్మా, అలా వెనక్కి వెళితే అంతు వుండదు" అన్నాడు.

వెనక్కి వెళ్ళడమే నా పని. వెళ్ళాను. నైస్మిత్‌కి ఇంకో శిష్యుడున్నాడు. నాకు ఈ మొత్తం వ్యవహారంలో నిద్ర పట్టనివ్వకుండా చేసినవాడు ఈయన. పేరు జాన్ మెక్‌లెండన్. నల్లజాతి కుర్రాడు. 1933లో కాన్సస్‌కి వ్యాయామవిద్య చదువుకోవడానికొచ్చాడు. చదువుకోవచ్చు గాని జట్టులో ఆడకూడదు, తెల్లవాళ్ళకి మాత్రమే జట్టు. అప్పటికి నైస్మిత్ ముసలివాడు, కోచ్ కాదు, పాఠాలు చెప్పే ప్రొఫెసర్. ఆ కుర్రాణ్ణి తన రెక్క కిందికి తీసుకున్నాడు. ఆడనివ్వని బడిలో ఆట పుట్టించినవాడి దగ్గరే కూచుని ఆట నేర్చుకున్నాడు మెక్‌లెండన్.

తర్వాత నార్త్ కరోలినాలో నల్లవాళ్ళ కాలేజీలో కోచ్ అయ్యాడు. 1944 మార్చిలో ఒక ఆదివారం, వూరంతా చర్చిలో వున్న వేళ చూసి, డ్యూక్ విశ్వవిద్యాలయంలో వైద్యం చదివే తెల్ల కుర్రాళ్ళ జట్టుని తమ కాలేజీకి రహస్యంగా పిలిపించి, తలుపులు మూసి ఆట పెట్టారు. నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ కలిసి ఆడడం ఆ రాష్ట్రంలో అప్పట్లో ప్రమాదం. ప్రేక్షకులు లేరు, చప్పట్లు లేవు. మెక్‌లెండన్ పిల్లలు 88–44 తో గెలిచారు. తర్వాత రెండు జట్లనీ కలిపేసి ఇంకో ఆట ఆడుకున్నారట. ఆ గెలుపు ఏ లెక్కలోనూ చేరలేదు. ఎలా చేరుతుంది, జరగలేదన్నట్టే వుండాలి కదా!

ఆపైన టెనెసీలో ఇంకో నల్లవాళ్ళ కాలేజీ జట్టుతో 1957 నుంచి వరసగా మూడేళ్ళు జాతీయ టైటిల్ గెలిచాడు. 1961లో వృత్తి లీగులో హెడ్ కోచ్ అయ్యాడు. అయితే అది చిన్న లీగు, త్వరలోనే మూతపడింది. ఎన్.బి.ఎ. అనే పెద్ద లీగులో మాత్రం ఆయనకి ఎప్పుడూ ఆ కుర్చీ దొరకలేదు. 2022లో ఆ లీగు తన 75 ఏళ్ళ పండుగకి 15 మంది ఉత్తమ కోచ్‌ల జాబితా వేసింది. అందులో ఆయన పేరు వుండే అవకాశమే లేదు. గేటు బయట నిలబెట్టినవాడి పేరు ఇంటి లోపలి అతిథుల జాబితాలో ఎందుకుంటుంది?

ఆ జాబితాలో వున్నవాళ్ళేం తక్కువవాళ్ళు కారు. ఏమాటకామాటే చెప్పుకోవాలి. రెడ్ ఆవర్‌బాక్ అని ఒకాయన. బోస్టన్ జట్టుకి 9 కప్పులు, అందులో 1959 నుంచి 1966 దాకా వరసగా 8. గెలుపు ఖాయమని తోచగానే బెంచీ మీద కూచుని చుట్ట ముట్టించేవాడట. ఎదుటివాళ్ళకి ఎంత మండేదో! కానీ బిల్ రస్సెల్ అనే మహా ఆటగాడు 1956లో జట్టులో చేరకముందు ఆయనకి ఒక్క కప్పూ లేదు. చూశారా, మళ్ళీ అదే పేచీ. బంగారం దొరికినవాడు కంసాలా, బంగారం చేసినవాడు కంసాలా? అయితే ఆవర్‌బాక్ చేసిన ఇంకో పని నాకు ఆ కప్పులకంటే నచ్చింది. 1966లో తను దిగిపోతూ ఆ కుర్చీలో రస్సెల్‌నే కూచోబెట్టాడు. ఎన్.బి.ఎ.లో నల్లజాతి కోచ్ అతనే మొదలు. అతను మరి రెండు కప్పులు తెచ్చాడు.

ఇంకోవైపు జెర్రీ స్లోన్. యూటా జట్టుకి 23 ఏళ్ళపాటు కోచ్. వెయ్యికి పైగా ఆటలు గెలిచాడు. కప్పు లేదు. 1997లోనూ 1998లోనూ ఆఖరి మెట్టు దాకా వెళ్ళి రెండుసార్లూ జోర్డాన్ చేతిలో ఓడాడు. ఏటేటా ఇచ్చే ఉత్తమ కోచ్ బహుమతి కూడా ఆయనకి ఒక్కసారైనా రాలేదు. మా వాడు ఆయన పేరు చెప్పేటప్పుడు గొంతు తగ్గించాడు. "ఆయన జట్టు ఓడిపోయినా చూడాలనిపించేది పెద్దమ్మా" అన్నాడు. డబ్బు లెక్కలు తప్ప తెలియదనుకున్న పిల్లాడి నోట ఆ మాట విని, ఫర్వాలేదు, వీణ్ణి మా చెల్లెలు బాగానే పెంచిందనుకున్నాను. (అదిగో, నేనూ కోచ్‌కే మార్కులేశాను.)

వీళ్ళందరిలోకీ మన ఆడవాళ్ళు తెలుసుకోవలసిన మనిషి వేరే వుంది. ప్యాట్ సమిట్. ఆవిడ వృత్తి లీగు కోచ్ కాదు, కాలేజీ ఆడపిల్లలకి కోచ్. 1974లో టెనెసీ విశ్వవిద్యాలయంలో చేరేనాటికి వయసు 22. జట్టు బట్టలు తనే ఉతికేది, వ్యాను తనే నడిపేది. 38 ఏళ్ళు అక్కడే వుంది. 1,098 గెలుపులు, 8 జాతీయ టైటిళ్ళు. అవి సరే. ఆవిడ దగ్గర పూర్తికాలం ఆడిన పిల్లల్లో చదువు పూర్తిచేసి పట్టా పుచ్చుకోని పిల్ల లేదు. ఈ లెక్క ఎవరు పెట్టుకోమన్నారు ఆవిణ్ణి? ఆటకి దీనికీ ఏమిటి సంబంధం? ఆడపిల్లల తల్లుల్ని అడగండి చెబుతారు.

సరే, వాళ్ళ వూరి సంగతులు చాలు. మన దేశంలో ఉత్తమ కోచ్‌కి ప్రభుత్వం ఇచ్చే బహుమతి పేరు మీకు తెలిసిందే. ద్రోణాచార్య అవార్డు. 1985లో మొదలుపెట్టారు. ఆ మొదటి యేడు అందుకున్నవారిలో పి.టి. ఉషకి గురువైన నంబియార్ గారున్నారు. మన హైదరాబాదులో బాడ్మింటన్ నేర్పిన ఎస్.ఎం. ఆరిఫ్ గారికి 2000లో వచ్చింది. ఆయన చేతికింద ఆట దిద్దుకున్న పుల్లెల గోపీచంద్‌కి 2009లో వచ్చింది. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచిన గోపీచంద్, తర్వాత గచ్చిబౌలిలో అకాడమీ పెట్టి నేర్పితే, 2012 లండన్‌లో సైనాకి కంచు, 2016 రియోలో సింధుకి వెండి. ఇదంతా సంతోషమే. నా పేచీ పేరుతో.

అడవి అంచున వుండేదాన్ని. మా ఇంటికి పనస తొనలూ, అడ్డాకులూ, చీపురుకట్టలూ తెచ్చేవాళ్ళు కోయవాళ్ళు. వేసవిలో భూమి పండుగ రోజుల్లో వాళ్ళ మగవాళ్ళు విల్లంబులు పట్టుకుని వేటకెళ్ళే ఆచారం వుంది. చిన్నప్పుడు మా నాన్నగారితో దుమ్ముగూడెం వైపు వెళ్ళినప్పుడు వాళ్ళని దారిలో చూశాను. ఆ వింటిని చూసిన కళ్ళతో ఆదిపర్వం చదివితే ద్రోణుడు ఇంకోలా కనిపిస్తాడు. అడవి పిల్లాడొచ్చి నేర్పమంటే కాదన్నాడు. వాడు మట్టిబొమ్మ పెట్టుకుని తనే నేర్చుకుంటే, తన శిష్యుడికి పోటీ అవుతాడని బొటనవేలు అడిగాడు. దేశమంతటిలో మంచి గురువుకి పెట్టడానికి మనకి దొరికిన పేరు అదా! అర్జునుణ్ణి తయారుచేశాడు కాబట్టి అంటారు. నిజమే. జాబితాల్లో ఎప్పుడూ అర్జునుడి లెక్కే వుంటుంది.

అన్నట్టు ఒక వింత చెప్పాలి. తూర్పు దేశాల్లో వెనకటి విలుకాళ్ళు చాలామంది బొటనవేలితో నారి లాగేవారట. ఇప్పుడు ఒలింపిక్స్‌లో వాడే పద్ధతిలో చూపుడువేలు, నడిమివేలు, ఉంగరంవేలు, ఈ మూడే. బొటనవేలు ఊరికే మడుచుకుని వుంటుంది. టీవీలో కావాలంటే గమనించండి. ఆ దక్షిణ ఇప్పుడడిగితే దండగయ్యేదన్నమాట.

ద్రోణాచార్య అవార్డు పుట్టడానికి 22 ఏళ్ళ ముందే పోయిన ఒక మాస్టరున్నాడు మనకి. సయ్యద్ అబ్దుల్ రహీం. రహీం సాబ్ అంటే హైదరాబాదు పాతకాలపువాళ్ళకి చెప్పక్కర్లేదు. ఈమధ్య 2024లో ఆయన మీద హిందీ సినిమా వచ్చాక కుర్రాళ్ళకీ తెలిసింది. 1909లో పుట్టాడు. ఉస్మానియాలో చదివాడు. బతుకుతెరువుకి బడిపంతులు. కాచిగూడ బడిలోనూ, చాదర్‌ఘాట్ హైస్కూల్లోనూ పాఠాలు చెప్పాడు. వ్యాయామవిద్యలో డిప్లొమా చేశాడు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకి ఫుట్‌బాల్ నేర్పితే, ఆ జట్టు బొంబాయి వెళ్ళి రోవర్స్ కప్పు వరసగా 5 ఏళ్ళు తెచ్చుకుంది.

నేర్పడంలో ఆయనది పంతులు బుర్రే. కుడికాలి వాటం వున్నవాళ్ళని ఎడమకాలితో మాత్రమే ఆడాలని పోటీలు పెట్టేవాడు. బంతిని కాలిదగ్గర అట్టేపెట్టుకుని వయ్యారాలు పోకూడదు, వెంటనే పక్కవాడికివ్వాలని ఇంకో రకం పోటీ. బలమైన కాలికి చప్పట్లు కొట్టేవాళ్ళు ఎంతమందైనా వుంటారు, బలహీనమైన కాలికి పోటీ పెట్టినవాణ్ణి నేనీయన్నే విన్నాను.

మార్కులు వెయ్యండి మరి. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్ మీద గెలిచి బంగారం. వెంటనే 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10–1. మనవాళ్ళలో చాలామంది ఆ చలిలో బూట్లు లేకుండా ఆడారు. ఆ ఒక్క ఆటే చూసి నిర్ణయించేవాడైతే పంతులుగారిని ఇంటికి పంపేవాడే. 1956 మెల్‌బోర్న్‌లో అదే దేశం నాలుగో స్థానంలో నిలబడింది. ఆస్ట్రేలియాని వాళ్ళ గడ్డమీదే 4–2 తో ఓడించాం. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో మనం అంతకంటే పైకి ఇంతవరకూ పోలేదు.

తర్వాత 1962 జకార్తా. అప్పటికే ఆయన వొంట్లో జబ్బు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2–0 తో ఓటమి. తర్వాత తాయ్‌లాండ్ మీద గెలిచారు గాని, వెనక రక్షణలో వుండే జర్నైల్ సింగ్‌కి తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. ఇది చాలదన్నట్టు వూరంతా మనమీద కోపంగా వుంది. ఇజ్రాయెల్‌నీ తైవాన్‌నీ ఆ క్రీడలకి రానివ్వకపోవడాన్ని మన ప్రతినిధి ఒకాయన తప్పుపట్టడంతో, మన జెండా కనిపిస్తే చాలు కేకలు. ఆ పరిస్థితిలో రహీం తీసుకున్న నిర్ణయం చూడండి. తలకి కట్టుతో వున్న జర్నైల్‌ని కూచోబెట్టలేదు. వెనక పెట్టి ఎదుటివాళ్ళ బంతులన్నీ తలతో ఆపమనలేదు. తీసుకెళ్ళి ముందు వరసలో గోల్ కొట్టేచోట పెట్టాడు! సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద 3–2. సెప్టెంబరు 4న ఫైనల్లో మళ్ళీ ఆ కొరియాయే. పి.కె. బెనర్జీ ఒక గోల్, ఆ తలకట్టు జర్నైల్ ఒక గోల్. 2–1. మరుసటి జూన్‌లో, 1963లో, ఊపిరితిత్తుల కాన్సర్‌తో రహీం సాబ్ పోయాడు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకి మళ్ళీ బంగారం రాలేదు.

కోచ్ విలువ కొలవడానికి ఒక దారి అతను పోయాక ఏమైందో చూడడమా? అలా అయితే రహీంని మించినవాడు లేడు. కానీ ఎముకల డాక్టరుగారికి ఈ మాట చెబితే ఆయన వెంటనే, "అదెలా మెచ్చుకోవడమండీ? మంచి గురువైతే తను పోయాక కూడా నడిచేట్టు చెయ్యాలి కదా" అన్నారు. అదీ నిజమే. ఆవర్‌బాక్ తన కుర్చీ రస్సెల్‌కిచ్చినట్టు. నా నోరు మూతపడింది. అయినా, రహీం తర్వాత ఆ ఆట చిన్నబోవడానికి రహీంని ఎలా తప్పుపట్టం? ఇల్లు కూలితే ఎప్పుడో పోయిన తాపీమేస్త్రీని నిలదీస్తామా? ఈ వాదన డాక్టరుగారూ నేనూ ఇంకా తేల్చుకోలేదు.

ఇక మా అడవి సంగతి. భద్రాచలం నుంచి గోదావరి వెంబడి పైకి వెళితే దుమ్ముగూడెం, ఆ పైన చర్ల. అవతల ఛత్తీస్‌గఢ్ అడవులు. ఆ చర్ల మండలంనుంచి, సైకిళ్ళు బాగుచేసే తండ్రి కొడుకు సాధనపల్లి ఆనంద్‌కుమార్, నిజామాబాద్ జిల్లా గిరిజన పిల్ల మాలావత్ పూర్ణ, 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కారు. పూర్ణకి అప్పటికి 14 యేళ్ళు కూడా నిండలేదు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. ఆ గురుకులాలకి అప్పట్లో కార్యదర్శి ఐ.పి.ఎస్. అధికారి ఆర్.ఎస్. ప్రవీణ్‌కుమార్. ఎక్కడం నేర్పిన గురువు శేఖర్‌బాబు బాచినేపల్లి. మొదట భువనగిరి కొండ. నాలుగైదు వందల అడుగుల ఆ ఒంటి బండమీద వందమందికి పైగా పిల్లలకి నేర్పి, వాళ్ళలోంచి కొందర్ని డార్జిలింగ్ పంపి, వాళ్ళలోంచి ఇంకా కొందర్ని లడఖ్ చలిలోకి తీసుకెళ్ళి, చివరికి ఇద్దర్ని మిగిల్చారు.

ఆ ఏప్రిల్ 18న ఎవరెస్ట్ నేపాల్ వైపు మంచు విరిగిపడి 16 మంది షెర్పాలు పోయారు. మన పిల్లలు ఎక్కింది టిబెట్ వైపునుంచి. అయినా ఆ వార్త తెలిశాక, వెనక్కి వచ్చేస్తారా అని పిల్లల్ని అడిగారు. వాళ్ళు రామన్నారు. ఇక్కడ నాకొకటి తోస్తుంది. బాస్కెట్‌బాల్ కోచ్ ఓడితే మర్నాడు మళ్ళీ ఆట వుంటుంది. కొండ ఎక్కించే గురువుకి అలా కాదు. పిల్లలు కిందికి దిగి వచ్చేదాకా అతని లెక్క తేలదు. పేపర్లో "ఎక్కారు" అని పడిన రోజున మనం మిఠాయిలు పంచుకున్నాం. వాళ్ళింకా దిగాల్సి వుంది. ఆ దిగుతున్న వారంలోనే కింద వాళ్ళ రాష్ట్రం రెండయింది. జూన్ 2న తెలంగాణ వచ్చింది. మా భద్రాచలం చుట్టుపక్కల మండలాలు కొన్ని పోలవరం ముంపు లెక్కన ఆంధ్రకి వెళ్ళాయి. చర్ల ఇటే వుండిపోయింది. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరింది.

ఇంత చదివాక మళ్ళీ ఆ కట్ట తీశాను. సంఘంవాళ్ళ ఫారంలో గడులున్నాయి. జాతీయ పతకాలు, రాష్ట్ర పతకాలు, జిల్లా పతకాలు, సర్వీసు ఎన్నేళ్ళు. కూడిక వేస్తే పట్నం మాస్టరు ఎక్కడో, వేపచెట్టు టీచరు ఎక్కడో. కలం తీసి, మూత తీసి, ఆగిపోయాను.

నేను ఎనిమిదో తరగతిలో వున్నప్పటి మాట చెప్పాలి. ఇంతవరకూ ఏ కథలోనూ రాయలేదు. మా క్లాసులో హాస్టల్నుంచి వచ్చే కోయపిల్ల ఒకతె వుండేది. పరుగంటే అదీ పరుగు! గంట కొట్టగానే మేం గేటుదాకా వచ్చేసరికి ఆ పిల్ల రోడ్డు మలుపులో వుండేది. జోనల్ పోటీలకి వెళ్ళే రోజొచ్చింది. పేరు ఎవరిదివ్వాలో అందరికీ తెలుసు. కానీ మా ఆటల మాస్టరుగారు నా పేరిచ్చారు. నాకు తెల్లబూట్లున్నాయి, మా నాన్నగారు బస్సు ఖర్చులిచ్చారు, మా అమ్మ పులిహోర కట్టింది. ఆ పిల్లనీ తీసుకొచ్చారు. మంచినీళ్ళ బిందె దగ్గర కూచోవడానికి, మా సంచులు చూడ్డానికి. నేను పరిగెత్తాను. నాలుగోదాన్నొచ్చాను. తిరిగొస్తుంటే బస్సులో ఆ పిల్ల నా పక్కనే కూచుని, "మలుపులో లోపలి గీతమ్మట రావాలి, నువ్వు బయటినుంచొచ్చావు" అంది. అంతే. కోపంగా కాదు, పాఠం చెప్పినట్టు. తర్వాతి యేడు బడికి రాలేదు. పెళ్ళి చేశారన్నారు.

అప్పట్లో నాకు సిగ్గు వెయ్యలేదు, నాలుగో స్థానమొచ్చిందని ఏడుపొచ్చింది. సిగ్గు తర్వాతెప్పుడో వేసింది. మెక్‌లెండన్ కథ చదివిన రాత్రి ఇంకోసారి.

అందుకని కలం మూసి ఇద్దర్నీ చూసి రావడానికి బయల్దేరాను. నిర్ణేతలు తిరగాల్సిన పని లేదని సంఘం వాళ్ళన్నారు. మా వారు మాత్రం నవ్వుతూ బస్సెక్కించారు.

వేపచెట్టు టీచరు దగ్గరికి ముందు వెళ్ళాను. ముప్పై అయిదు దాటి వుంటుంది. నన్ను చూసి కంగారుపడి టీ తెప్పించింది. బీరువాలో కప్పులేమీ చూపించలేదు, హాజరు పట్టీ చూపించింది. తొమ్మిదో తరగతిలో పేరు కొట్టేసిన చోటల్లా ఎర్రసిరాతో చిన్న గీత. ఆ గీతలు యేటేటా తగ్గుతూ వచ్చాయి. "సెలవులకి ఇంటికెళితే తిరిగి పంపరమ్మా. పోటీలున్నాయి, పిల్ల లేకపోతే జట్టు పాడవుతుందని నేనే వెళ్ళి అడుగుతా. ఆటకంటే పంపుతారు, చదువుకంటే పంపరు" అంది. నిజంగా పోటీలుండేవా అంటే నవ్వేసి, "కొన్నిసార్లు" అంది.

మర్నాడు పట్నం మాస్టరు దగ్గరికి. గోడనిండా కప్పుల మధ్య ఆయన గర్వంగా వుంటాడనుకున్నాను, ముందే కాస్త కోపం కూడా సిద్ధం చేసుకున్నాను. తీరా చూస్తే మోకాలి నొప్పితో కుంటుతూ, ఎండలో పిల్లల వెంట తిరుగుతున్నాడు. పొద్దున నాలుగున్నరకి లేస్తాడట, 19 ఏళ్ళుగా. పరుగులో రాష్ట్ర పతకాలు తెచ్చిన పిల్లల్ని పిలిచి పరిచయం చేశాడు. ముగ్గురు. మీ వూళ్ళెక్కడమ్మా అనడిగితే గోదావరి అవతల వూళ్ళు చెప్పారు. నేను మాస్టరు వైపు చూశాను. ఆయన దాచలేదు. "ఆ టీచరే పంపిందండీ. ఏడో తరగతి దాకా ఆవిడ దగ్గరే. నా దగ్గరికి వచ్చేసరికి వాళ్ళకి నేర్పడానికి పెద్దగా మిగల్లేదు, ఆరంభం దిద్దానంతే" అన్నాడు. అంటూనే మళ్ళీ, "ఆరంభం దిద్దడమూ చిన్న పని కాదనుకోండి" అన్నాడు.

కాదు మరి. నైస్మిత్‌కి 60 ఓటములుంటే ఆలెన్‌కి 590 గెలుపులున్నాయి. ఆలెన్ దొంగిలించినవి కావు గదా అవి.

ఇంటికొచ్చి ఫారం ముందు కూచున్నాను. వున్న గడుల్లో నిజాయితీగా పతకాలకి మార్కులు వేశాను. ఆపైన స్కేలు పెట్టి కొత్తగా రెండు గడులు గీశాను. ఒకదాని పైన "పిల్లలు ఎక్కడినుంచి వచ్చారు" అనీ, రెండోదాని పైన "బడిలో ఎంతమంది మిగిలారు" అనీ రాశాను. వాటిల్లో కూడా మార్కులు వేసి, సంతకం పెట్టి, కవరు అంటించి పంపేశాను.

మూడోరోజున ఆ సంఘం అబ్బాయి ఫోన్ చేశాడు. "అమ్మా, మీరు గీసిన గడులు మిగతా ఇద్దరి ఫారాల్లో లేవు. కూడిక కుదరడం లేదు" అన్నాడు, బిక్కమొహం కనిపిస్తోందన్నట్టు.

"హెడ్మాస్టరుగారికీ డాక్టరుగారికీ ఫారాలు వెనక్కి పంపు నాయనా, వాళ్ళనీ ఆ గడులు గీసుకోమను" అన్నాను.

"వాళ్ళు ఆ వూళ్ళు చూడలేదు కదమ్మా, మార్కులెలా వేస్తారు?"

"బస్సు పొద్దున ఆరింటికుంది" అన్నాను.